ముఖం తుడిపించుకున్న మనిషి

సోమవారం, కొత్తమెరక రేవు

రాత్రంతా సముద్రపు గాలి. పొద్దున్నే లాంచీ పైకెక్కి సోలార్ పలకల మీద ఉప్పు గీకితే బకెట్టు నిండింది. సత్తిబాబు బాబాయ్ ఇంజను కింద దూరి ఎవరినో బండబూతులు తిడుతున్నాడు. ఇంజనునే అయ్యుంటుంది. నేను సరంగుని, ఆయన ఇంజను మనిషి. మా ఇద్దరి చేతుల మీదుగా ఈ గంగాభవాని లాంచీ కొత్తమెరక నుంచి మడతోట రేవు దాకా, మునిగిపోయిన ఊళ్ళ మీంచి రోజుకి రెండుసార్లు పోయి వస్తుంది. ఆటు మీద నీళ్ళు తీసినప్పుడు మొండి కొబ్బరిచెట్లు అక్కడక్కడా తల బయటపెడతాయి. వాటిని తప్పించడమే నా ఉద్యోగం.

ఎక్కేవాళ్ళని పలకరించే పని మాది కాదు. గుమ్మం మీదున్న కన్ను చూసుకుంటుంది.

"రండి మాణిక్యం గారూ. నిన్న మీరు పెట్టిన ఎండుచేపల బొమ్మకి వంద తలూపులు దాటాయి."

"రండి శేషాద్రి మాస్టారూ. రాత్రి మీకు సరిగా నిద్ర పట్టలేదు. బీపీ మాత్ర వేసుకున్నారా?"

లాంచీ అంతా నవ్వుతుంది. వెనకసీటు వాళ్ళు మాస్టారికి చిట్కా వైద్యాలు చెబుతారు. అరుగంటే ఇదే. ఫోనులోనే ఊరూ లోకం అంతా కలిసి కూర్చునే చోటు. ఒకరు తిన్నది, ఒకరు దగ్గింది, ఒకరు ఏడ్చింది అందరికీ తెలుస్తుంది. అందరూ తలూపుతారు.

ఇవాళ ఒకామె ఎక్కితే కన్ను నోరు తెరవలేదు. ముప్పై దాటిన మనిషి. కత్తిరించిన జుట్టు, కళ్ళజోడు, చేతిలో స్టీలు క్యారేజీ. గుమ్మంలో ఒక క్షణం నిలబడింది. మా లాంచీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కన్ను అడిగింది.

"ఎవరీమె? తెలిసినవాళ్ళు చెప్పండి."

ఆమె తల దించుకుని వెళ్ళి ఇంజను రూము పక్కన కూర్చుంది.

"ముఖం తుడిపించుకున్నట్టుంది," అన్నారు మాస్టారు మెల్లిగా.

వినడమే గానీ అలాంటివాళ్ళని నేను చూడలేదు. జీవితంలో ఒక్కసారి ఆ హక్కు ఉంది. తుడిపించుకుంటే మనిషి పేరు, చరిత్ర అన్నీ అరుగు మర్చిపోతుంది. పాత బొమ్మల్లో ఆ ముఖం ఉన్నచోట పొగలాంటిది మిగులుతుంది. కానీ మనిషిని కళ్ళారా చూసినవాళ్ళు ఏడుగురు ఒకే పేరు చెబితే, అరుగు ఆ పేరు నమ్మి మళ్ళీ ఎక్కించుకుంటుంది. మొదట చెప్పినవాళ్ళ పేరు పక్కన వారం రోజులు చుక్క మెరుస్తుంది. మా ఊళ్ళో ఆ చుక్క కోసం కొట్టుకుంటారు.

ఎందుకు తుడిపించుకుంటారో నాకు అర్థం కాదు. పెద్ద ఉప్పెన తర్వాత ఎవరి పిల్లలెవరో, ఎవరి శవమెవరిదో తెలియనప్పుడు పుట్టింది అరుగు. మాట పడిపోయి ఏదో శిబిరంలో మూల కూర్చున్న మా అమ్మని, చెవి తమ్మె చూసి ఎవరో గుర్తుపట్టి పేరు చెప్పారు. అలా నాకు మా అమ్మ దొరికింది. అరుగుని ఎవరైనా ఏమైనా అంటే నాకు నచ్చదు.

గురువారం

ఆమె మడతోటలో పనికి కుదిరింది. సముద్రానికి అడ్డంగా నాటే మడ మొక్కల్ని అక్కడ సంచుల్లో పెంచుతారు. తోట చూసుకునే హబీబున్నీసా గారు పని బాగా చేస్తే చాలంటారు, పేరు అడగరు. పిలవాల్సివస్తే "అమ్మాయ్" అంటున్నారట.

లాంచీలో మాత్రం కాలక్షేపం ఆమే. కన్ను ఆమె బొమ్మ చూపించకూడదు కాబట్టి, జనం మాటలతో బొమ్మ గీస్తున్నారు. నడకలో ఎడమకాలు కాస్త లాగుతుందని ఒకరు. కుడి చేతికి వాచీ పెట్టుకుంటుందని ఒకరు. మాణిక్యమత్తయితే ఏకంగా పక్కన కూర్చుని క్యారేజీలోకి తొంగి చూసింది.

"ఇవాళ బీరకాయ కూర. ఉల్లిపాయ వెయ్యలేదు. పైన నువ్వుల పొడి చల్లింది," అని అప్పటికప్పుడు అరుగు మీద పెట్టేసింది. సాయంత్రానికి ఎక్కడెక్కడి వాళ్ళో మాట కలిపారు. బీరకాయలో నువ్వుల పొడి వేసేది ఫలానా వైపు వాళ్ళని ఒకాయన. ఆ కూర గురించి ఎక్కడో విన్నానే అని ఇంకొకావిడ.

అందరూ సరదాగానే అంటున్నారు. తప్పు మాట ఒక్కటి లేదు. అయినా తిరుగు ప్రయాణంలో అద్దంలోంచి చూస్తే, ఆమె క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా మూత మీద అదిమి పట్టుకుంది. నేను చుక్కాని సంగతి మర్చిపోయాను. ఒక కొబ్బరి మొండెం లాంచీ పక్కని రాసుకుంటూ పోయింది. బాబాయ్ కిందనుంచి అరిచాడు.

శనివారం

ఈమధ్య రాసుకునేది ఇంజను రూములోనే. ఆ మోతలో అరుగు ఏమీ వినలేదు.

ఇవాళ ఆమె అక్కడికే వచ్చింది. బాబాయ్ పైకెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు.

"అక్కా, నువ్వుల పొడి మాట తీయించగలవా?"

"అరుగు మీద పెట్టింది తీసేదేముందమ్మా. అయినా కూరే గదా."

"నేను ఆ కూర వండుతుంటే అరుగు మీద చూపించేవాడు మా ఆయన. రోజూ. అందుకే భయం."

అప్పుడు అడిగాను పేరు. కాసేపు చూసి చెప్పింది. ప్రశాంతి.

ఆ పేరు తెలియని ఇల్లుందా? ఉదయభాస్కర్, ప్రశాంతి. 'మా ఇల్లు' అని పొద్దున్న లేచింది మొదలు పడుకునే దాకా వాళ్ళ సంసారం అరుగు మీద నడిచేది. లక్షల మంది చూసేవాళ్ళు. నేనూ చూశాను, అయినా ఈ కత్తిరించిన జుట్టు, కళ్ళజోడు వెనక పోల్చుకోలేకపోయాను. రెండేళ్ళ కిందట ఆమె కనిపించకుండా పోతే ఆయన ఏడుస్తూ పెట్టిన పిలుపుకి నేనూ తలూపాను. అమ్మ పక్కన కూర్చుని నిజంగా కళ్ళు తుడుచుకున్నాను.

"కొట్టేవాడా?" అని అడిగాను.

"లేదు."

"తాగేవాడా? ఇంకెవరైనా..."

"లేదక్కా. చాలా మంచివాడు. ఒక్క గదిలో కూడా కన్ను ఆపనిచ్చేవాడు కాదు, అంతే." ఆగింది. మళ్ళీ చెప్పింది. "నాకు ఐదో నెలలో కడుపు పోయింది. డాక్టరు ముందు ఆయనకి చెప్పింది. ఆయన గది బయటే నిలబడి అందరికీ చెప్పాడు. నేను మత్తులోంచి లేచేసరికి నా చేతిలో ఫోను నిండా ఓదార్పులు. దేనికి ఓదారుస్తున్నారో నాకింకా తెలీదు. చదువుతూ తెలుసుకున్నాను."

నేను పక్కనున్న డబ్బా జరిపి ఆమెని కూర్చోమన్నాను.

"ముఖం తుడిపించుకోకముందు రెండుసార్లు బయటికొచ్చాను. రెండుసార్లూ చూసేవాళ్ళే గుర్తుపట్టి తీసుకొచ్చి దండలేసి అప్పగించారు. వాళ్ళని ఏమనగలను? ఏడుస్తూ సంతోషపడ్డారు. ఏం చేశాడమ్మా నిన్ను అని అడిగితే చూపించడానికి నా ఒంటి మీద ఏమీ లేదు."

మంగళవారం

ఇద్దరు చెప్పేశారు. 'ఆమె ప్రశాంతి అనుకుంటున్నాను' అని నిన్న ఒకరు, ఇవాళ ఒకరు. ఏడుగురికి ఇంకా ఐదుగురు. ఆ మాట తిరిగిన దగ్గర్నుంచి లాంచీలో జనం ఆమెని చూసే చూపు మారిపోయింది. పసిపిల్లని చూసినట్టు జాలిగా చూస్తున్నారు. 'పాపం ఆయన' అంటున్నారు.

నేను పొద్దున్నుంచీ ఒకచోట కూర్చోలేకపోయాను. కడిగిన బల్లలే మళ్ళీ కడిగాను. మధ్యాహ్నం మడతోట రేవులో ఆమెని పక్కకి పిలిచాను.

"నేనొక పేరు చెబుతాను. మా పిన్ని కూతురు రాజ్యలక్ష్మివి నువ్వు. ఏడుగురం చెబితే పేరు ఖాయమైపోతుంది. ఆట ముగుస్తుంది. ఇంక నీ జోలికి ఎవరూ రారు."

"తప్పు పేరని తేలితే మీ అరుగు మూసేస్తారక్కా. అరుగు లేనివాళ్ళకి లాంచీ ఇవ్వరు గదా."

"తేలితే చూద్దాం."

ఆమె మట్టి చేతులు చీరకి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. నా చేతికంటే ఆమెదే గట్టిగా ఉంది.

బుధవారం

సత్తిబాబు బాబాయ్ కారణం అడగలేదు. "ఆయ్, రాజ్యలక్ష్మేగా. చిన్నప్పుడు ఎత్తుకున్నాను," అని చెప్పేసి మళ్ళీ ఇంజను కిందకి పోయాడు. రేవులో టీ అమ్మే యాకోబు తల గోక్కుని ఒప్పుకున్నాడు. హబీబున్నీసా గారు నా ముఖం చూసి, "ఆ అమ్మాయి భయపడుతోందా?" అని ఒక్కటే అడిగారు. తలూపాను. చెప్పేశారు. శేషాద్రి మాస్టారు మాత్రం చాలాసేపు నన్ను నిలబెట్టారు.

"జన్మలో అబద్ధం రాయలేదమ్మా లోవా."

"తెలుసండి."

"ఎందుకో చెప్పలేవు గదా?"

"ఆవిడ సంగతండి. నాది కాదు చెప్పడానికి."

ఆయన కిటికీలోంచి నీళ్ళకేసి చూశారు. "సరే. అదే మంచి కారణం," అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి, నేను చేసిన పని మాత్రం అమ్మకి చెప్పాను. అమ్మ ఆసుపత్రికి నా లాంచీలోనే వస్తుంది, ఆమెని చూసింది. నోటి మాట లేకపోయినా ఇంట్లో నేను చెప్పిందే వేదం అనుకునే మనిషి కాదు. అరుగు వల్ల మాకు దొరికిన మనిషి. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు చీర చెంగు మడతలు పెడుతూ కూర్చుంది. తర్వాత నా ఫోను లాక్కుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. రాజ్యలక్ష్మి.

ఆరుగురం. ప్రశాంతి అన్నవాళ్ళు కూడా ఇవాళ్టికి నలుగురయ్యారు.

గురువారం

మాణిక్యమత్త దగ్గరికి వెళ్ళాను. ఎండుచేపలు తిరగేస్తూ, తిరగేస్తున్న బొమ్మ అరుగు మీద పెడుతూ ఉంది. మోత ఉన్నచోట మాట్లాడాలని మిల్లు పక్కకి తీసుకెళ్ళాను.

"అబద్ధం చెప్పమంటావా? అరుగు మీదా?" అంది గొంతు పెంచి. "ఏమే లోవా, నీకు మతి ఉందా? మీ మావయ్య పోయినప్పుడు నా గుమ్మం తొక్కినవాళ్ళెవరు? ఊరూపేరూ తెలీనోళ్ళు అరుగు మీద నాతో రాత్రంతా మాట్లాడేరు. నేను తిన్నానో లేదో అడిగేది అదొక్కటే. దాని నోట్లో నేను మట్టి కొట్టనా?"

"ఒక ఆడమనిషి కోసం అత్తా."

"ఆమె ప్రశాంతే అయితే మొగుడి దగ్గరికి పోవాలి. బంగారంలాంటి మనిషి. నీకేం తెలుసు, నేను రోజూ చూశాను."

అవును, రోజూ చూసింది. అదే చెప్పబోయి ఊరుకున్నాను. నా నోటితో ఆమె కడుపు కథ ఇంకొకళ్ళకి చెప్పడమంటే ఆయన చేసిన పనే గదా. వెనక్కి వచ్చేశాను. దారంతా నా చెప్పుల చప్పుడు నాకే ఎవరో వెంటపడుతున్నట్టు వినిపించింది.

శుక్రవారం

ఆయన వస్తున్నాడు. పొద్దున్నే అరుగు నిండా అదే. 'నువ్వుల పొడి నా దారి చూపింది. నా ప్రశాంతి దగ్గరికి వెళ్తున్నాను. రేపు మీరందరూ నాతో ఉండాలి.' కింద లక్షల తలూపులు.

ఆమెని ఇవాళే పంపేద్దామన్నాను. ఎటు పోయినా లాంచీ ఆగే ప్రతి రేవులో కన్నుంది, ప్రతి కన్నూ అడుగుతుంది. "పరుగెత్తితే అందరూ ఇంకా ఇష్టంగా వెతుకుతారక్కా," అంది. "రేపు పనికొస్తాను. మొక్కలకి నీళ్ళు పెట్టాలి."

రాత్రి బాబాయ్‌తో మాట్లాడాలని ఇంజను రూములోకి దిగాను.

శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయభాస్కర్ సాయంత్రం ప్రయాణానికి కొత్తమెరకలో ఎక్కాడు. అరుగు మీద చూసినదానికంటే సన్నగా, అందంగా ఉన్నాడు. భుజం మీద తూనీగంత కన్ను ఎగురుతోంది. మా గుమ్మం మీది కన్ను ఆయన పేరు పలకగానే లాంచీ అంతా లేచి నిలబడింది. బొమ్మలు దిగారు. ఒకావిడ ఏడ్చేసింది. ఆయన ఆవిడ చేతులు పట్టుకుని తనూ ఏడ్చాడు. నటన అని నేననలేను. కన్నీళ్ళు నిజమైనవే.

మడతోట రేవులో ఆమె పని దిగి ఇదే లాంచీ ఎక్కాలి. సగం దూరం పోయాక నేను కింద బాబాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఠంగుమని ఒక చప్పుడు, ఇంజను ఆగిపోయింది.

"ఎక్కడో పట్టేసిందండి!" అని అరిచాడు పైకి.

ఒక పూట అలా నీళ్ళ మీద ఉంచేస్తే ఆమె చీకటి పడ్డాక ఏ పడవలోనో దాటిపోతుందని నా ఆలోచన. పాపం, నా ఆలోచన ఎంతసేపు? మేం ఆగిపోయామని అప్పుడే అరుగు మీదకి పాకింది. సాయం చేసేవాళ్ళకి కొదవా! ఇసుక మోసే పంటు ఒకటి తాడు పట్టుకుని హుషారుగా వచ్చేసింది. మడతోట దాకా లాక్కెళ్తానన్నాడు పంటు నడిపేవాడు. వద్దనడానికి నా దగ్గర మాట లేదు.

లాంచీ మెల్లగా ఈడ్చుకుపోతుంటే ఉదయభాస్కర్ వచ్చి మాణిక్యమత్త పక్కన కూర్చున్నాడు.

"మీరేనా అత్తా? మీరు పెట్టిన ఒక్క మాట వల్ల నాకు మళ్ళీ ప్రాణం వచ్చింది. మీరు కూడా ఆమె పేరు చెప్పేయండి. ఆరుగురయ్యారు. మీతో ఏడు."

అత్త ముఖం వెలిగిపోయింది. కన్ను తన మీదకి తిరిగిందని కొంగు సర్దుకుంది. తర్వాత, మంచి మాటేదో కలపాలనుకుందో ఏమో, అడిగింది.

"పిల్ల చిక్కిపోయింది బాబూ. రేపు ఏదైనా వండి పెడతాను. ఆమెకేం ఇష్టం?"

ఆయన నోరు తెరిచాడు. ఆగాడు. భుజం మీది కన్నుకేసి నవ్వి, "చెప్పండి, మీరే చెప్పండి. మన ప్రశాంతికి ఏం ఇష్టం?" అన్నాడు. అరచేతిలో ఉన్న ఫోనులో జవాబులు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆయన చదువుతున్నాడు. "కొబ్బరన్నం... కాదు, కాదు, ఎక్కువమంది పూర్ణాలంటున్నారు. పూర్ణాలత్తా."

అత్త ఆయన అరచేతికేసి చూస్తూ ఉండిపోయింది. నేను అద్దంలో ఆమెనే చూస్తున్నాను.

"నువ్వు చెప్పు బాబూ," అంది.

"అదే చెప్పాను గదా. పూర్ణాలు."

"ఎన్నేళ్ళు కాపరం చేశారూ?"

"ఆరేళ్ళు."

అత్త ఒళ్ళో ఫోను తీసి, దగ్గరగా పెట్టుకుని, గట్టిగా అందరికీ వినిపించేటట్టు చెప్పింది. "మడతోటలో పనిచేసే పిల్ల మా లోవ పిన్ని కూతురు. రాజ్యలక్ష్మి. నాకు బాగా తెలుసు."

కన్ను టింగుమంది. ఏడుగురు. పేరు ఖాయమైంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పటికే మడతోట రేవు వచ్చేసింది. ఆమె రేవు చెక్క మీద క్యారేజీతో నిలబడి ఉంది. ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఎక్కింది.

"రండి రాజ్యలక్ష్మి గారూ," అంది గుమ్మం మీది కన్ను.

"ప్రశాంతీ!" అన్నాడు ఆయన.

"ఈమె రాజ్యలక్ష్మి. మీరు పొరబడ్డారు," అంది కన్ను మర్యాదగా.

ఆయన అరచేతిలో అంతా తారుమారవుతోంది. 'ఆమె కాదా?' 'అయ్యో పాపం.' 'మోసం.' తను చూస్తున్న భార్యని తన భార్య కాదని లోకం అంటోంది. నాకు సంతోషం కలగలేదు. ఏడుగురం కలిసి ఒక మనిషి కళ్ళని అబద్ధం చేశాం. అయినా లోపల ఒకటే ప్రార్థన: కాదను తల్లీ. ఎవరండీ మీరు, అను. అంతటితో అయిపోతుంది.

ఆమె ఏమీ అనలేదు.

"ప్రశాంతీ, నువ్వే చెప్పు వీళ్ళకి. మన పాప మీద ఒట్టు. లక్ష మంది ఓట్లేసి పేరు పెట్టారు మన పాపకి. వెన్నెల. మర్చిపోయావా? వీళ్ళందరూ మర్చిపోలేదు."

అప్పుడు ఆమె కళ్ళజోడు తీసింది. నా వైపు ఒకసారి చూసింది, క్షమించమన్నట్టు.

"అవును. నేను ప్రశాంతినే," అంది. "పాపకి నేనొక పేరు పెట్టుకున్నాను. కడుపులో ఉన్నప్పుడు దాన్ని ఆ పేరుతోనే పిలిచేదాన్ని. అదొక్కటే ఈ లోకంలో నీకు గానీ, వీళ్ళకి గానీ తెలీనిది. చెప్పను. నీతో రాను."

"నీకు ఒంట్లో బాగాలేదు. ఇంటికెళ్ళి..."

"రాను."

అంత చిన్న మాట. ఆయన తూనీగ కన్ను ఇద్దరి మధ్యా గిరగిరా తిరిగింది. లాంచీలో ఒక్కరూ తలూపలేదు, ఒక్కరూ బొమ్మ తీయలేదు. మాణిక్యమత్త లేచి, పక్క సీటు మీదున్న తన చేపల గంప తీసి కింద పెట్టింది. ప్రశాంతి వెళ్ళి అక్కడ కూర్చుంది. తోట నుంచి ఆమె వెనకే ఎక్కిన హబీబున్నీసా గారు వచ్చి రెండో పక్కన కూర్చున్నారు.

ఆయన రేవులో దిగిపోయాడు. దిగేటప్పుడు కన్ను చూడని ఒక్క క్షణం ఆయన ముఖం చూశాను. ఏం చేయాలో తోచని మామూలు మనిషి ముఖం. మరుక్షణం కన్ను ఆయన వైపు తిరిగింది, ఆయన కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాతి శుక్రవారం

ఏడుగురి అరుగూ మూసేశారు. వానాకాలం వెళ్ళేదాకా. తప్పు పేరు చెప్పినందుకు. లాంచీ వేరే సరంగుకి ఇచ్చారు, కుర్రాడు కొబ్బరి మొండేలకి గుద్దుతున్నాడట. నేను చిన్న పడవ మీద పీతలు పడుతున్నాను. చెయ్యి ఇంకా అలవాటుగా జేబులో ఫోను తడుముతుంది. మనిషి ఎవరైనా ఎదురైతే వాళ్ళకి ఒంట్లో ఎలా ఉందో, పొద్దున్న ఏం తిన్నారో నాకు తెలియడం లేదు. అడగాల్సి వస్తోంది. అడగడం చేతకావడం లేదు.

మాణిక్యమత్తకి చేపల బేరాలన్నీ అరుగు మీదే. అవి పోయాయి. నన్ను చూస్తే "నీవల్లేనే," అని తిడుతుంది. తిట్టడానికి రోజూ వస్తుంది. మా అమ్మ పక్కన చతికిలబడి సాయంత్రం దాకా మాట్లాడుతుంది. అమ్మ తిరిగి మాట్లాడదు. అత్తకి అది పట్టినట్టు లేదు.

ఉదయభాస్కర్‌ని చూసేవాళ్ళు రెట్టింపయ్యారని, టీ తాగేవాళ్ళ దగ్గర విని యాకోబు చెప్పాడు. ప్రశాంతి ముఖం మళ్ళీ అరుగు మీదుంది. ఇంకోసారి తుడిపించుకోవడానికి లేదు. కొందరు ఆమెని తిడుతున్నారు. దానికంటే ఇబ్బంది మెచ్చుకునేవాళ్ళతో. లాంచీ నిండా వస్తున్నారు, ఆమెని చూడటానికి. మడతోట కంచె మీద దండలు వేలాడదీస్తున్నారు. నువ్వు మా ధైర్యం అంటూ మొక్కల మధ్యలోకి వచ్చి కౌగిలించుకుంటున్నారు. నిన్న ఒకావిడ, ఏడుస్తూ, ఎంతో ప్రేమగా అడిగిందట: "పాప పేరు నాకొక్కదానికి చెప్పమ్మా."

ఆదివారం

తెల్లారాక, వాన వెలిసిన కాసేపట్లో ఆమె మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక సంచి. అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. అమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

నేను ఏమీ అడగకుండా పడవ విప్పాను. ఎటు పోవాలని మాత్రం అడగాల్సి వచ్చింది. తెడ్డు వేసేదాన్ని గదా. ఉత్తరం గట్టు, లాంచీ ఆగని, కన్నులేని పాత రేవు, అంది. అక్కడినుంచి మూడు దారులు చీలతాయి. ఒకటి కొండల వైపు, ఒకటి ఉప్పు కొఠార్ల వైపు, ఒకటి రైలు వైపు.

దారంతా పెద్దగా మాట్లాడుకోలేదు. నీళ్ళు నిండుగా, మట్టిరంగులో ఉన్నాయి. గట్టు దగ్గర పడ్డాక ఆమె సంచి భుజాన వేసుకుంది.

"అక్కా, నేను వెళ్ళేది..."

"చెప్పకు," అన్నాను.

"నీకు చెప్పకపోతే ఎట్లా? రేపెప్పుడైనా..."

"నాకు తెలిస్తే, అమ్మ అడుగుతుంది. అత్త అడుగుతుంది. నేను మంచిదాన్నే. చెప్పేస్తాను."

ఆమె నవ్వింది. నవ్వగా చూడటం అదే మొదటిసారి. పడవలోంచి బురదలోకి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కింది. వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను.

ఆమె మలుపు చేరకముందే పడవ తిప్పేశాను. తెడ్డు రెండు వేట్లు వేశానో లేదో, ఏ దారి పట్టిందో చూడాలని మెడ నరాలు లాగాయి. ఒక్కసారి చూస్తే ఏం పోతుంది, క్షేమంగా వెళ్తోందో లేదో తెలుస్తుంది గదా అని మనసు ఎంత మంచిమాటలు చెప్పిందో. అరచేతుల చెమటకి తెడ్డు జారుతోంది. ఎదురు నీరు. కళ్ళు ముందుకే పెట్టుకుని, పళ్ళు బిగించి, కొత్తమెరక వచ్చేదాకా తెడ్డు వేస్తూనే ఉన్నాను.